లోపం పంపులోనా, బావిలోనా?

పెరటిలో బావి ఉన్న ప్రతి ఇంటిలోనూ ఏదో ఒకనాడు వినవచ్చే మాట ఒకటి ఉన్నది: “పంపు నీళ్లెక్కించడం లేదు.” ఈ మాట సాధారణంగా ఎండలు ముదిరిన రోజులలో, అందునా ఇంట చుట్టాలు ఉన్న సమయంలో వినవస్తుంది. ఇల్లాలు ఖాళీ గంగాళం వంక చూస్తుంది. ఇంటి యజమాని పంపు వంక చూస్తాడు. పిల్లవాడు మెకానిక్కు కోసం పరుగెత్తుతాడు. బావిలోకి తొంగిచూడవలెనన్న ఆలోచన మాత్రం ఎవరికీ వెంటనే కలుగదు.

సరిగా ఇటువంటి సన్నివేశమే నాలుగు వందల ఏండ్ల క్రిందట ఇటలీ దేశంలో జరిగినది. అక్కడికి వచ్చిన పనివాడు చెప్పిన ఒక్క సమాధానం నుంచి గాలికి బరువు ఉన్నదన్న సత్యం, వాతావరణ పీడనాన్ని కొలిచే బారోమీటరు, శూన్యాన్ని గురించిన శాస్త్రం క్రమంగా వెలువడినవి. ఆ కథను చెప్పుకొని, దాని వెలుగులో మన ఇంటి పంపును పరీక్షించుకొనడమే ఈ ప్రసంగంలో మేము తలపెట్టిన పని.

ముందుగా మా ఇంటి ముచ్చట ఒకటి. మేము బడికి పోయే వయసులో ఉండగా మా బావి గట్టుపైన ఇనుప చేతిపంపు ఒకటి ఉండేది. ఒక వైశాఖంలో అది మొరాయించినది. పిడి ఎంత కొట్టినా గుర్రుమనే శబ్దమే కాని నీటిచుక్క రాదు. మా తండ్రిగారు తోలువాషరు మార్పించినారు. రెండు రోజుల తరువాత మరల మరొక వాషరు వేయించినారు. ఫలితం కనబడలేదు. మూడవ పర్యాయం వచ్చిన ముసలి మేస్త్రి తన సంచి విప్పనే లేదు. చేంతాడు చివర ఒక రాయి కట్టి బావిలోకి జారవిడిచినాడు. పైకి లాగి, తడిసిన భాగం వదలిపెట్టి, పొడిగా ఉన్న తాడును మూరలతో కొలిచినాడు. పంతొమ్మిది మూరలు లెక్కకు వచ్చినవి. “పంపుకేం జబ్బు లేదు బాబుగారూ! నీళ్లే దానికి అందనంత కిందికి పోయినాయి” అన్నాడు. రెండు వాషర్ల సొమ్ము దండుగైనదన్న చింత మా తండ్రిగారిది. పంతొమ్మిది మూరలకు అందని నీరు పదిహేను మూరలకు ఎందుకు అందవలెనన్నది మా సందేహం. దానికి సమాధానం చాలా ఏండ్ల తరువాత కళాశాలలో దొరికినది.

పంపు రాకముందు మనుష్యులు నీటిని చేదుకొనేవారు. గిలకమీది చేద, ఏతం, ఎద్దులు లాగే మోట, కుండలు కట్టిన చక్రం—వీటన్నిటి ధర్మం ఒక్కటే. పాత్ర నీటి వద్దకు దిగిపోతుంది, నీటిని మోసుకొని పైకి వస్తుంది. రాయలసీమలోని కపిలిబావి ఎంత లోతైనా తాడు పొడవు, ఎద్దుల సత్తువ చాలితే నీరు పైకి రాక తప్పదు. ఈ సాధనాలకు లోతు విషయంలో ప్రకృతి విధించిన కట్టడి ఏదీ లేదు.

పంపు తీరు వేరు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరవాసి క్టెసిబియస్ గొట్టంలో ముషలకాన్ని ఆడించి నీటిని పైకి నెట్టే యంత్రాన్ని నిర్మించినాడని రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ వ్రాసినాడు. ఆ యంత్రం నీటిలోనే నిలిచి నీటిని పైకి నెట్టేది. యంత్రం పైన ఉండి క్రింది నీటిని పీల్చుకొనే పద్ధతి ఐరోపాలో పదిహేనవ శతాబ్దం నాటి చిత్రపటాలలో కనిపిస్తుంది. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలో ఇటువంటి పంపులను మూడింటిని ఒకదానిపై ఒకటి అమర్చిన బొమ్మ ఉన్నది. అడుగు పంపు తోడిన నీరు ఒక తొట్టిలో పడుతుంది. ఆ తొట్టి నుంచి రెండవ పంపు అందుకొంటుంది, దాని తొట్టి నుంచి మూడవది. పొడవైన గొట్టం ఒక్కటి చాలదని గని పనివారు అనుభవంతో ఎరిగియుండవలెను. ఎందుకు చాలదో వివరించి చెప్పిన పండితుడు మాత్రం అప్పటికి లేడు.

పండితుల వద్ద అరిస్టాటిల్ సంప్రదాయం నుంచి వచ్చిన సూత్రం ఒకటి సిద్ధంగా ఉండేది. ప్రకృతి శూన్యాన్ని సహించదని ఆ సూత్రం. ముషలకం పైకి లేచినప్పుడు దాని క్రింద ఖాళీ ఏర్పడబోతుంది, ప్రకృతి దానిని ఓర్వలేక నీటిని తెచ్చి నింపుతుంది, పంపు పనిచేయడానికి కారణం ఇదేనని వారి వివరణ. ఈ మాట నిజమే అయితే గొట్టం ఎంత పొడవు ఉన్నా నీరు ఎక్కితీరవలెను.

1630లో జెనోవా నగరానికి చెందిన బలియానీ అనే విద్వాంసుడు గెలీలియోకు ఒక లేఖ వ్రాసినాడు. ఒక కొండ మీదుగా నీటిని దాటించడానికి వంపు గొట్టం వేయించినామనీ, ఎంత ప్రయత్నించినా అది పారడం లేదనీ దాని సారాంశం. ఆ తరువాత 1638లో హాలండులోని లైడెన్ నగరంలో గెలీలియో చివరి గ్రంథం అచ్చయినది. అప్పటికి ఆయన వృద్ధుడు, చూపు పోయినవాడు, ఫ్లారెన్సు సమీపంలోని ఆర్చేత్రి గ్రామంలో మతాధికారుల ఆజ్ఞచే గృహనిర్బంధంలో ఉన్నవాడు. గ్రంథం ముగ్గురు మిత్రుల సంభాషణగా నడుస్తుంది. వారిలో సాగ్రెడో అనే పాత్ర మన పెరటి కథనే చెబుతాడు.

అతడు చూచిన నీటితొట్టి ఒకదానికి పంపు బిగించి ఉన్నది. తొట్టిలో నీరు ఒక మట్టానికి పైన ఉన్నంతకాలం పంపు ధారాళంగా తోడేది. నీరు ఆ మట్టానికి దిగువకు పోయిన వెంటనే పంపు పని మానుకొనేది. పంపు చెడిపోయినదని తలచి సాగ్రెడో పనివానిని పిలిపించినాడు. ఆ పనివాడు చూచి, లోపం పంపులో లేదనీ, నీరు మరీ క్రిందికి పోయినదనీ, పదునెనిమిది బ్రాచ్చోలకు మించి వెంట్రుకవాసి ఎత్తుకైనా ఏ పీల్చుడు పంపూ నీటిని ఎక్కించజాలదనీ తేల్చి చెప్పినాడు. బ్రాచ్చో అనగా చేయి. మనము మూరలతో కొలిచినట్లే ఫ్లారెన్సువారు చేతులతో కొలిచేవారు. వారి చేయి మన మూర కంటె పెద్దది. పదునెనిమిది బ్రాచ్చోలు నేటి లెక్కకు సుమారు పదిన్నర మీటర్లు.

మా ఇంటి మేస్త్రి గెలీలియోను చదివినవాడు కాడు. ఆ ఇటలీ పనివాడు పండితుడు కాడు. అయినా ఇద్దరి మాట ఒక్కటే. అంతకంటె విచిత్రమైన విషయం మరొకటి ఉన్నది. పనివాడు రోగనిదానం సరిగా చేసినాడు కాని, దానికి కారణం చెప్పిన మహాశాస్త్రజ్ఞుడు పొరబడినాడు. పొడవైన తాడు తన బరువుకు తానే తెగిపోయినట్లుగా నీటిస్తంభం కూడా తన బరువుకు తానే తెగిపోతున్నదని గెలీలియో భావించినాడు. నీటిని పైనుంచి ఏదో లాగుతున్నదన్న పాత ఊహ ఆయననూ వదలలేదు. బలియానీ మాత్రం 1630లోనే, ఇది గాలి బరువు వలన కలిగేది కాకూడదా అని ఆయనకు తిరిగి వ్రాసియున్నాడు.

గెలీలియో 1642 జనవరిలో మరణించినాడు. చివరి నెలలలో ఆయన చెంత ఉన్న యువకుడు టారిసెల్లీ ఈ చిక్కును విప్పినాడు. దాదాపు ఆ కాలంలోనే రోము నగరంలో గాస్పరో బెర్టి పొడవైన సీసపు గొట్టాన్ని ఇంటిగోడకు నిలబెట్టి నీటితో పరీక్ష జరిపినాడు. అంత పొడవు గొట్టంతో పని కష్టం. నీటికి బదులు పాదరసం వాడితే ఏమవుతుందని టారిసెల్లీ యోచించినాడు. పాదరసం నీటికంటె పదమూడున్నర రెట్లకు పైగా బరువైనది కనుక అదే నిష్పత్తిలో దాని స్తంభం పొట్టిగా నిలువవలెను. ఒక చివర మూసిన గాజుగొట్టాన్ని పాదరసంతో నింపి పాదరసపు గిన్నెలో తలక్రిందులుగా నిలుపగా స్తంభం సుమారు 76 సెంటీమీటర్ల వద్ద ఆగినది. 1644 జూన్‌లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఆయన దీని కారణం వివరించినాడు. మనమందరమూ గాలి అనే సముద్రపు అడుగున నివసిస్తున్నాము. ఆ సముద్రపు బరువు గిన్నెలోని పాదరసాన్ని అదిమి గొట్టంలోనికి నెడుతున్నది. గొట్టం పైభాగాన ఉన్న శూన్యం దేనినీ లాగడం లేదు.

లెక్క కూడా చక్కగా సరిపోతుంది. 76ను 13.6తో గుణిస్తే 1,033 సెంటీమీటర్లకు పైచిలుకు, అనగా సుమారు 34 అడుగులు. పనివాడు అనుభవంతో చెప్పిన హద్దు దాదాపు ఇదే.

గాలి బరువే కారణమయితే కొండమీద గాలి తక్కువ కనుక పాదరసం మరికొంత దిగిపోవలెను. ఫ్రాన్సు దేశపు పాస్కల్ ఈ పరీక్షను తన బావగారైన పెరియేకు అప్పగించినాడు. 1648 సెప్టెంబరు 19వ తేదీన పెరియే కొందరు సాక్షులతో పుయ్ ద దోమ్ పర్వతం ఎక్కినాడు. శిఖరం మీద పాదరసం దిగువ ఊరిలో కంటె సుమారు 8 సెంటీమీటర్లు తక్కువగా నిలిచినది. ఊరిలో ఉంచిన మరొక గొట్టంలోని పాదరసం దినమంతా కదలలేదు. వివాదం అంతటితో ఒక్కసారిగా సమసిపోలేదు కాని, ప్రకృతికి శూన్యమంటే భయమన్న సిద్ధాంతానికి కాలం చెల్లినది.

ఈ చరిత్ర మన పెరటికి ఏమి ఉపకరిస్తుందో ఇక చూతము. గట్టుమీద కూర్చున్న చేతిపంపు గాని, కరెంటు మోటారు పంపు గాని నీటిని లాగడం లేదు. గొట్టంలోని గాలిని తొలగించి దారి ఇవ్వడమే దాని పని. బావినీటిపై ఉన్న గాలి ఆ నీటిని గొట్టంలోనికి నెడుతున్నది. ప్రతి చదరపు సెంటీమీటరు మీదను ఉన్న ఆ ఒత్తిడి సుమారు ఒక కిలోగ్రాము బరువుకు సమానం. అది నెట్టగలిగినంత ఎత్తు 34 అడుగులు. గొట్టపు రాపిడి, కీళ్లలోని చిన్న చిన్న లోపాలు మినహాయిస్తే ఆచరణలో దక్కేది ఇంచుమించు 25 అడుగులు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదువంటి చోట్ల గాలి పలుచన కనుక సముద్రతీరపు లెక్కలో మరి ఆరు శాతం వరకు తగ్గించుకొనవలెను. ఎక్కువ గుర్రాల మోటారు తెచ్చినంత మాత్రాన ఈ హద్దు ఒక్క అంగుళమైనా జరుగదు. మోటారు శక్తి మనము కొనుక్కొన్నది, నెట్టే శక్తి గాలిది.

కనుక పంపు మొరాయించినప్పుడు మొదటి సాధనం పానా కాదు, తాడు. పంపు నుంచి నీటిమట్టం వరకు ఎంత దూరమో కొలువవలెను. బావి లోతు ఎంత, నీరు ఎన్ని అడుగులు ఉన్నది అనే ప్రశ్నలకు ఇక్కడ ప్రసక్తి లేదు. పంపు నడిచేటప్పుడు మట్టం ఇంకా దిగుతుంది కనుక ఆపిన వెంటనే మరొకసారి కొలవడం మంచిది. ఆ దూరం 25 అడుగులు దాటినదంటే వాషర్లకు పెట్టే ఖర్చు వృథా. పంపును క్రిందికి దింపించవలెను, లేదా నీటిలో మునిగి ఉండి పైకి నెట్టే పంపును అమర్చవలెను.

దూరం హద్దులోనే ఉన్నదనుకొందాము. అప్పుడు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసి, పంపులో నీరు నింపి కొంతసేపు వేచియుండవలెను. నీరు క్రమంగా క్రిందికి జారిపోతే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు సరిగా మూసుకొనడం లేదన్నమాట. ఇసుకరేణువో, ఆకుముక్కయో అడ్డుపడి ఉండవచ్చు, లేదా వాల్వు తోలు అరిగి ఉండవచ్చు. నీరు జారక నిలిచియుండి, పంపు నడిపిన కొద్దిసేపటికే ధార తెగిపోతున్నదంటే గొట్టం ఎక్కడో గాలి పీల్చుకొంటున్నదని అనుమానించవలెను. నీరు కారే చిల్లు కంటికి కనబడుతుంది, గాలి పీల్చే చిల్లు కనబడదు. అందుచేతనే ఈ దోషం చాలామందిని మోసగిస్తుంది. మోటారు ఆపి, అనుమానమున్న కీలు చుట్టూ గ్రీజు దట్టంగా పూసి, మరల నడిపి చూడవలెను. ధార నిలిచినదంటే దొంగ దొరికినట్లే. చాలా కాలం వాడని చేతిపంపులో తోలువాషరు ఎండి ముడుచుకొనిపోతుంది. నీరుపోసి తోలును నాననిస్తే అనేక సందర్భాలలో అది తిరిగి కోలుకొంటుంది.

ఒక హెచ్చరిక. ఫుట్‌వాల్వు కోసం ఇంటివారు ఎవరూ బావిలోకి దిగరాదు. వాడుకలేని బావుల అడుగున ప్రాణవాయువు కొరవడి ఉండవచ్చు. దీపం దింపితే ఆరిపోలేదన్నది ఒక్కటే క్షేమానికి హామీ కాదు. గొట్టాన్నే పైకి తీయించడం ఉత్తమం.

ఇప్పుడు కథ మన దేశానికి వస్తుంది. 1851 లండను మహాప్రదర్శనంలో ఆపోల్డు చూపిన వంపురెక్కల చక్రం తరువాత కేంద్రాపసారి పంపులకు గిరాకీ పెరిగినది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు రాజధానిలో చమురు ఇంజన్లతో బావి పంపులను నడిపి రైతులకు చూపినాడు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. మోట చేసే పనిని ఇంజను చేయసాగినది. కాని మోటకు లేని 25 అడుగుల హద్దు ఇంజను పంపుకు వచ్చినది. అందుచేతనే రైతులు బావి లోపల దిమ్మె కట్టి పంపును నీటి దగ్గరకు దింపుకొనేవారు. అగ్రికోలా కాలపు గని పనివారి ఉపాయమూ, మన రైతుల ఉపాయమూ ఒకే కష్టం నుంచి పుట్టినవి.

గ్రామాలలో బోర్లు వేసి బిగించిన పోత ఇనుప చేతిపంపులకు మరొక చిక్కు వచ్చినది. ఒక్క కుటుంబం వాడకానికి ఉద్దేశించిన నమూనా పంపు మీద ఊరంతా ఆధారపడవలసి వచ్చినది. అవి తరచు విరిగేవి. 1970 తరువాతి దశకంలో షోలాపూరు పంపు అనుభవాన్ని ఆధారం చేసుకొని, యూనిసెఫ్ సహకారంతో, ఇండియా మార్క్ టూ అనే చేతిపంపు రూపొందినది. మన పల్లెలవారు బోరింగు అనే పేరుతో ఎరిగినది దీనినే. దీని ముషలకం గట్టుమీద ఉండదు, బోరు లోపల నీటిలో మునిగి ఉంటుంది. గొలుసు, ఇనుపకడ్డీల ద్వారా పిడి దానిని ఆడిస్తుంది. నీరు పైకి నెట్టబడుతుంది కనుక టారిసెల్లీ హద్దు దీనికి అడ్డురాదు. క్టెసిబియస్ పద్ధతికే మనము తిరిగి వచ్చినామన్నమాట. దాని తరువాత వచ్చిన మార్క్ త్రీలో గొట్టాలన్నీ పైకి లాగకుండానే వాల్వును తీసి బాగుచేసుకొనే వీలు కల్పించినారు.

కరెంటు మోటారునే నీటిలో ముంచే పద్ధతి చమురుబావుల నుంచి వచ్చినది. తిఫ్లిస్ నగరంలో జన్మించి అమెరికా చేరిన ఆర్మయిస్ ఆరుటునోఫ్ 1920 తరువాతి దశకం చివర కాన్సాస్ రాష్ట్రపు చమురుబావులలో అటువంటి పంపును నడిపి చూపినాడు. సబ్‌మెర్సిబుల్ అని మనము పిలిచేది ఆ వంశంలోనిదే. దీని రోగలక్షణాలు వేరు. మోటారు మూలిగి తిరుగకపోతే ముందు వోల్టేజీనీ, సింగిల్ ఫేజు అయితే కెపాసిటరునూ చూపించుకొనవలెను. మూడు ఫేజుల మోటారు తిరుగుతున్నా నీరు పలుచగా వస్తే తీగలు తారుమారై అది వెనుకకు తిరుగుతున్నదేమో ఎలక్ట్రీషియనును అడుగవలెను. మొదట ధార బాగా వచ్చి, తరువాత గాలితో కలిసి ఉమ్మినట్లు వచ్చి, ఒక గంట విశ్రాంతి ఇస్తే మరల బాగా వస్తున్నదంటే లోపం మోటారులో లేదు. ఊరే నీటికంటె తోడే నీరు ఎక్కువైనది. ఆ స్థితిలో ఇంకా పెద్ద మోటారు దింపడం జ్వరపడ్డవానికి విందు పెట్టడమే.

ఇక్కడ మేము ఒక మాట మనవి చేయదలచినాము. పాత పంపుకు ఉన్న హద్దు మనకు అసౌకర్యమే కాని, అది ఒక విధంగా కాపలాదారు కూడా. నీరు 25 అడుగులు దాటిన మరునాడే పంపు ఆగి, బావి దిగిపోతున్నదని ఇంటివారికి చెప్పేది. నీటిలో మునిగిన పంపు ఆ సంగతి చెప్పదు. వంద అడుగులైనా, అయిదు వందల అడుగులైనా నీటిని వెంబడించి పోతూనే ఉంటుంది. చెప్పే నాటికి అడుగున తడి కూడా మిగలదు. మన బోరు లోతు చేసినకొద్దీ పొరుగువాని పాత బావి ఎండుతుంది. అతడు అప్పుచేసి మన కంటె లోతుగా వేయిస్తాడు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కొత్త బోరుకు అనుమతి అవసరమన్నది ఈ పోటీని అదుపు చేయడానికే. కాని ఇంటిలో తాడు లేనివానికి చట్టం ఒక్కటే నీటిమట్టాన్ని చూపించలేదు.

తాడు పెద్ద ఖర్చు కాదు. తెరచిన బావి ఉన్నవారు నెలకొకసారి, పున్నమినాడో, జీతం వచ్చిన దినాననో, నీటిమట్టం కొలిచి గోడమీద తేదీతో వ్రాసి ఉంచుకొనవచ్చు. బోరు ఉన్నవారు ధార తెగకుండా ఎన్ని నిమిషాలు వస్తున్నదో గడియారం చూచి వ్రాసుకొనవచ్చు. రెండేండ్ల లెక్క ముందు పెట్టుకొంటే పంపు ముసలిదైనదో, బావి బలహీనమైనదో మెకానిక్కు రాకముందే తెలుస్తుంది. బావి బలహీనమైతే దానికి మందు వేరు. మిద్దెమీద కురిసే వాననీటిని వీధిలోకి పోనీయక ఇంకుడుగుంతలోకి మళ్లించడం, మొక్కలకు పోసే నీటిలో పొదుపు పాటించడం, పొరుగువారితో కలిసి తోడే వేళలు నిర్ణయించుకొనడం ఆ మందులో భాగాలు.

మా ఇంటి చేతిపంపు ఆ వేసవి అంతా ఊరక నిలబడి ఉన్నది. గిలకకు పాత చేద మరల కట్టినాము. ఆషాఢంలో రెండు మంచి వానలు పడిన తరువాత ఒక సాయంత్రం మా తండ్రిగారు పంపులో చెంబెడు నీరుపోసి పిడి కొట్టినారు. నాలుగవ దెబ్బకు నీళ్లు వచ్చినవి. వాషరు ఎవరూ మార్చలేదు.